నడిరోడ్డు మీద పచ్చని వంటిల్లు

గంజెడు పప్పుచారు నేలపాలైతే ఎంత కోపం వస్తుందో ఆ గంజు నింపిన చేతులకే తెలుస్తుంది. ఎవరో చెప్పగా విన్నవాళ్లకు తెలియదు.

సకల జనుల సమ్మె నాటి మాట. బొగ్గుబావుల కార్మికులుండే సెంటినరీ కాలనీ ఆడవాళ్లం బొగ్గు యార్డు గేటు ముందు, నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టాం. మూడు రాళ్లు, వాటి మీద పెద్ద గంజు, ఎండకు పైన కప్పిన ఒక నీలం తాటిపత్రి పట్టా. అంతే మా వంటిల్లు. ప్రతి క్వార్టర్ నుంచీ ఒక దోసెడు బియ్యమో, గుప్పెడు పప్పో వచ్చేది. జీతాల్లేని రోజులు కదా, ఎవరింట్లో పొయ్యి వెలిగింది, ఎవరింట్లో వెలగలేదు అని అడగకుండా అందరం అక్కడే తినేవాళ్లం. ఇంకో సంగతి కూడా ఉంది. పొయ్యి సరిగ్గా రోడ్డు మధ్యలో ఉంది కాబట్టి, యార్డులో మిగిలిన బొగ్గును చప్పుడు లేకుండా తోలుకుపోదామనుకున్న కంట్రాక్టరు లారీలు కదలలేక గేటు లోపలే ఆగిపోయాయి. దాచుకోవడం ఎందుకు, మేం పొయ్యి పెట్టిందే అందుకు.

ఒక రోజు మధ్యాహ్నం గిన్నెలు కడగడానికి బోరింగు దగ్గరికి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి మా వంటింటి స్థానంలో జేసీబీ నిలబడి ఉంది. తాటిపత్రి చిరిగి దాని పళ్లకు వేలాడుతోంది. గంజు బోర్లా పడింది. సాయంత్రానికని దించి పెట్టిన పప్పుచారు టైర్ల గుర్తుల్లో నిలిచి ఉంది. టోపీ పెట్టుకున్న కంట్రాక్టరు సూపర్‌వైజర్ ఒకడు పక్కన నిలబడి, రోడ్డు క్లియర్ అయిందని ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు.

నాకు కడుపు మండిపోయింది. గరిటె పట్టుకుని పోయి జేసీబీకి ఎదురుగా నిలబడ్డాను. పైన కూర్చున్న డ్రైవర్‌ను చూశాక ఇంకా మండింది. ఆగయ్య! మా కాసిపేట పిల్లగాడే. మా తల్లిగారింటి వాడకట్టులోనే వాళ్ల ఇల్లు.

"దిగురా కిందికి! సిగ్గున్నదా నీకు? నువ్వు అన్నం తింటున్నవా, బొగ్గు తింటున్నవా?"

ఆగయ్య దిగలేదు. నా మొహం చూడలేక స్టీరింగును చూస్తూ మాట్లాడాడు. "గంజు ఉన్నదని చూడలేదక్కా. డేరా పీకుమన్నరు, పీకిన. నౌకరిగాన్ని, నేనేం చేస్త చెప్పు? పాత తాటిపత్రే గదా అనుకున్న. గదే పచ్చటి పందిరైతే నేను చెయ్యి పెడుదునా?"

"మాటలు మంచిగనే నేర్చినవ్!"

"ఒట్టక్కా. పొరక ఎండకముందే పందిరి మీద చెయ్యేస్తే వాని ఇల్లు నిలువదని మా అవ్వ ఎప్పుడూ చెప్పేది."

పందిరి మీద కప్పే పచ్చి కొమ్మల్నే మా వైపు పొరక అంటారు. అప్పుడు ఆ మాట నేను చెవిన పెట్టలేదు. మా కళ్ల ముందే లారీలు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతుంటే, నోట్లో దుమ్ము ఊసుకుంటూ నిలబడ్డాను.

ఇంటికి వస్తే మా ఆయన సదానందం మెల్లగా మొదలుపెట్టాడు. "రేపటి సంది కమ్యూనిటీ హాల్ల వండుకుందాం తియ్యి. యూనియనోళ్లు గూడ గదే అంటున్నరు."

"హాల్ల వండితే లారీలు ఆగుతయా?"

"రోడ్డు మీద ఏస్తే మళ్ల పీకుతరే."

"పీకనియ్యి. నేను రేపు గాడనే పొయ్యి ముట్టిస్త. నువ్వు చూస్తనే ఉండు!"

అనడమైతే అన్నాను. ఎట్లా ముట్టించాలో నాకే తెలియదు. ఒక్క విషయం మాత్రం తెలుసు. ఆ పొయ్యి ఇంకొక్క పూట ఆరితే లారీలకు దారి అలవాటవుతుంది. బొగ్గు రోజూ బయటికి పోవడం మొదలైతే ఇన్నాళ్లు పస్తులుండి నిలబెట్టిన సమ్మె నడుము విరుగుతుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆగయ్య అన్న మాట. పచ్చటి పందిరైతే చెయ్యి పెట్టడు వాడు. వాడే కాదు, ఈ చుట్టుపక్కల పుట్టినవాడెవడూ పెట్టడు.

మా అత్త సారవ్వ వాకిట్లో చాటలో పప్పు చెరుగుతోంది. ఆమె నోటి సంగతి కొంచెం చెప్పాలి. కూరగాయల బండివాడు మా వరసలోకి వచ్చాడంటే, ఆమె అడగకముందే ధర తగ్గించి చెబుతాడు. అంత నోరు.

"అత్తా, రోడ్డు మీది వంటకు పచ్చటి పందిరేద్దామా?" అన్నాను.

"ఏంది పిల్లా, ఆటనుకున్నవా? పెండ్లి లేంది పందిరి ఏస్తరా ఎక్కడన్న? రోలుకు కంకణం కట్టినమంటే పెండ్లి కావల్సిందే. ఉత్త పందిరి అరిష్టం."

"అయితే ఎవరిదన్న పెండ్లి చేద్దాం."

"బియ్యానికే దిక్కు లేదు, సమ్మెల ఎవడు చేసుకుంటడే పెండ్లి?"

చాట ఆగింది. ఆమె అరుగు వైపు చూసింది. అక్కడ మా మామ గట్టయ్య రేడియోను చెవికి ఆనించుకుని సమ్మె వార్తలు వింటున్నాడు. రిటైరై చాలా ఏండ్లయింది. బొగ్గుబావిలో బ్లాస్టింగులు విని విని చెవులు సగం పోయాయి.

"నాది చేయుండ్రి," అంది మా అత్త.

నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. ఎగతాళికి అన్న మాట కాదది. ఆమె పెండ్లికి పందిరి లేదు. బావులు కొత్తగా తవ్వుతున్న రోజుల్లో తడకల గుడిసె ముందు, రెండు షిఫ్టుల మధ్యలో జరిగిన పెండ్లి. సెలవు ఇవ్వలేదట. మా మామ డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, బొగ్గు చేతులతోనే పుస్తె కట్టి, మళ్లీ డ్యూటీకి పరుగెత్తాడట. పందిరి వేయని పెండ్లిదానివని అత్తగారి ఊళ్లో తోటికోడళ్లు ఏండ్ల తరబడి దెప్పారు. ఇప్పటికీ మా అత్త ఏ పెండ్లికి పోయినా ముందు పిల్లను చూడదు, పందిరి చూస్తుంది. గుంజలు గట్టివా, పొరక దండిగా వేశారా అని. ఆ కడుపులో మంట నాకెందుకు తెలియదు? ఇన్నేండ్లుగా వింటున్నదాన్నే కదా.

మామ దగ్గరికి పోయి చెవిలో అరిచాను. "మామా, రేపు పెండ్లి!"

"ఎవలకు?"

"నీకే!"

ఆయన రేడియో పక్కన పెట్టాడు. మొహం విచ్చుకుంది. "పిల్ల ఎవలు?"

చాట గాల్లో ఎగిరొచ్చి ఆయన పక్కన పడింది. "నేనేరా ముసలోడా!"

"మళ్ల నువ్వేనా!" అన్నాడు మామ. ఇక సదానందం కూడా పడీ పడీ నవ్వాడు. కమ్యూనిటీ హాలు మాట మళ్లీ ఎత్తలేదు.

తెల్లవారేసరికి కాలనీ అంతా చెట్ల మీదనే ఉంది. గుంజలకు వెదురు సదానందం తెచ్చాడు. మామిడి కొమ్మలు ఒకరు, నేరేడు ఒకరు, వేప మరొకరు. ఎదురు క్వార్టర్ సువార్త అక్క కొబ్బరి మట్టలు ఈడ్చుకొచ్చింది. "క్రిస్మస్‌కు మా చర్చికి గివే కడతం. నా దోస్తు పెండ్లికి కట్టకపోతే ఎట్ల?" అంది. దోస్తు అంటే మా అత్త. రోజూ నల్లా దగ్గర కొట్లాడుకునేది వాళ్లిద్దరే.

పెండ్లికూతురు చేతిలో కర్ర పట్టుకుని పెత్తనం మొదలుపెట్టింది. "ముదురు మామిడి పైన ఎయ్యుండ్రి, ఎండ దిగది. వేప లేతది పొయ్యి దిక్కు కట్టు, ఈగలు రావు. గా నేరేడు ముందటికి రావాలె, మెరుస్తది. ఓ సువార్తా, నీ మట్టలు చిలుక లెక్క ఉన్నయ్, వాటిని మూలకు దాస్తవేంది?" టేకు కొమ్మ పట్టుకొచ్చిన ఒకావిడను మాత్రం వెనక్కి పంపేసింది. "గరగర ఆకు. వంటింట్ల వద్దు."

పని అయ్యాక లోపల నిలబడి తలెత్తి చూశాను. నల్లగా కనిపించేంత ముదురు మామిడి, దాని కింద నేరేడు నిగనిగ, అంచుల్లో కొబ్బరి మట్టల చిలకాకుపచ్చ, పొయ్యి పక్కన చివుళ్ల వేప. రోడ్డుకు రెండువైపులా బొగ్గు దుమ్మే కదా మాకు, చెట్ల ఆకుల మీద కూడా మసే. ఆ ఉదయం తడిగుడ్డతో ఒక్కో కొమ్మా తుడిచి కట్టాం. నా జన్మలో అంత అందమైన వంటింట్లో నేను వండలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల కాదు, పొయ్యి ఇంకా ముట్టించనే లేదు.

నలుగురు కలిసి రోలు మోసుకొచ్చారు. రోలుకు, రోకలికి కంకణం కట్టి పసుపు దంచారు. మామకు తెల్ల అంగీ తొడిగి కూర్చోబెట్టాం. మా అత్త పసుపు చీరలో, ఎప్పుడూ లేనిది, తల వంచుకుని కూర్చుంది. నేను పొయ్యి ముట్టించాను. సరిగ్గా అప్పుడే జేసీబీ చప్పుడు వినిపించింది.

దాని ముందు బండి మీద సూపర్‌వైజర్ వచ్చాడు. "ఏంది గీ నాటకం?"

వంచిన తల లేచింది. "పెండ్లి. చుట్టానివైతే చెప్పులిడిసి లోపలికి రా. కాకుంటే ఎన్కకు పో."

"ఆగయ్యా, పీకు!"

ఇంజన్ ఆగింది. ఆగయ్య దిగాడు. చెప్పులు విప్పి, పందిరి గుంజకు దండం పెట్టి, తాళం చెవి ఆయన చేతికిచ్చాడు. "నాతోని కాదు సార్. మీరే పీకుండ్రి."

సూపర్‌వైజర్ విసురుగా వచ్చి గుంజ మీద చెయ్యి వేయబోయాడు. మేమెవరమూ కదల్లేదు. ఆయన తలెత్తి పొరకను చూశాడు. పసుపు నీళ్లు ఇంకా ఆరని రోలును చూశాడు. చెయ్యి గాల్లోనే కాసేపు ఉండి, అక్కడి నుంచి పోయి టోపీ సర్దుకుంది. ఆయనా ఈ మట్టిలో పుట్టినవాడే మరి. ఆయనకూ ఒక అవ్వ ఉండే ఉంటుంది.

"సరే. ఎన్ని దినాలు పచ్చగుంటదో నేను చూస్త. ఎండిన రోజు ఒక్క గుంజ మిగలనియ్య!" అని తాళం చెవి మళ్లీ ఆగయ్య మీదికే విసిరేశాడు.

"ఎండనిస్తే గదా!" అంది మా అత్త.

మామ పుస్తె కట్టాడు. ఈసారి చేతులు కడుక్కుని కట్టాడు. పప్పుచారు రుచి గురించి చెప్పను, నా వంట నేనే పొగుడుకున్నట్టుంటుంది.

మర్నాటి నుంచి దోసెడు బియ్యంతో పాటు ప్రతి క్వార్టర్ నుంచీ ఒక కొమ్మ రావాలని మా అత్త హుకుం. నిన్నటి ఆకు వాడితే దాని మీద ఇవాళ్టిది. కింద గోధుమ రంగు తిరుగుతుంటే పైన కొత్త పచ్చ. సూపర్‌వైజర్ రోజూ బండి మీద వచ్చి, మెడ ఎత్తి చూసి, మొహం మాడ్చుకుని పోయేవాడు. మా అత్త వదిలేదా? "ఏం బిడ్డా, ఎండిందా? అన్నం తిని పో," అని ప్రతిరోజూ పిలిచేది.

కానీ చెట్లు ఎన్నని ఇస్తాయి? కాలనీలో అందిన కొమ్మలన్నీ అయిపోయాయి. వానలు ఆగి ఎండ గట్టిగా కాసింది. ఒక మధ్యాహ్నానికి పందిరి మొత్తం వేలాడిపోయింది. పట్టుకుంటే ఆకు పొడిపొడి అవుతోంది. సూపర్‌వైజర్ ఆ రోజు బండి దిగి, ఒక ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి మాకు చూపించాడు. "రేపు పొద్దుగాల," అని వెళ్లిపోయాడు. ఆ ఒక్కరోజు మా అత్త అన్నం తిని పొమ్మనలేదు.

తెల్లారి గేటు ముందు అందరం చేతులు పట్టుకుని నిలబడ్డాం. మామ కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. పీకితే మా మీది నుంచి పోయి పీకాలి అనుకున్నాం. మలుపులో జేసీబీ కనిపించింది. బకెట్ పైకెత్తి, నేరుగా మా వైపే వస్తోంది. జేసీబీ పందిరి ముందు ఆగింది. బకెట్ మెల్లగా కిందికి దిగింది.

నిండా పొరక. మోదుగ, నేరేడు, టేకు, మంచు తడి ఆరని కొమ్మలు. పైనుంచి ఆగయ్య దూకాడు.

మా అత్త ఒక కొమ్మ లాగి చూసింది. "గీ టేకు తెచ్చినవేందిరా? వంటింట్ల వద్దని చెప్పలేదా?"

"నాకెవలు చెప్పిండ్రవ్వా! చీకట్ల రామగిరి గుట్ట దాక పోయిన. దొరికింది తెచ్చిన."

"మరి నీ నౌకరి?" అన్నాను నేను.

"పాయెనక్కా. పందిరి పీకుడు నాతోని కాదన్న, పొద్దుగాలనే ఫోన్ చేసి ఇగ పనికి రావద్దన్నరు. బండి సాయంత్రం వరకు అప్పజెప్పుమన్నరు."

మా అత్త టేకు కొమ్మలన్నీ బయటి వైపు విసిరేసి, చెంగు నడుముకు దోపుకుని వాడి ఎదురుగా నిలబడింది.

"సాయంత్రం దాక బండి నీదే గదా? తిని, ఇంకో రెండు సార్లు పోయిరా. ఈసారి లేతది తే."

ఆగయ్య అక్కడే కూర్చుని పళ్లెం చాపాడు. నేను పొయ్యిలోకి నిన్నటి ఎండిన పొరక ఎగదోశాను.