దీపం కింద పూత

ఆగస్టు సగం దాటినా తూర్పు వరుసలో పూత జాడ లేదు. డార్లాకు తిండి సహించడం లేదు.

ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో గంజాయి పండించేవాళ్లందరిదీ ఒకటే బెంగ, అక్టోబరు వాన. ముదిరిన మొగ్గకు తడి తగిలిందంటే లోపల్నించి కుళ్లుతుంది. అందుకే డార్లా ఏళ్ల తరబడి తొందరగా పూసే మొక్కలనే ఏరి, వాటినే జతకలిపి, సెప్టెంబరులోనే కోతకొచ్చే రకాన్ని తయారుచేసుకుంది. పడమటి వరుసలు అనుకున్నట్టే పూశాయి. అదే విత్తనం, అదే మన్ను. తూర్పు వరుస మాత్రం ఏపుగా ఆకులేసుకుని ఊరుకుంది.

"విత్తనం కల్తీ అయిందేమో?" అన్నాడు భర్త వెండెల్.

"పుప్పొడి నా చేత్తో అద్దాను. ఎలా అవుతుంది?"

"మరి దానికేమొచ్చింది, నీమీద అలిగిందా?"

ఆమెకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ల పనీ వట్టిదేనా అన్న దిగులు పట్టుకుంది.

ఆ సాయంత్రం తోటలో తిరుగుతుంటే పొరుగింటి ఐరీన్ వాకిట్లో పెద్ద దీపం వెలిగింది. కొత్త స్తంభం. వెలుగంతా నేరుగా తూర్పు వరుస మీదే పడుతోంది. పూతకు రావాలంటే ఈ మొక్కకు నిండు చీకటి కావాలి. ఆ వరుసకు రాత్రన్నదే లేకుండా పోయింది!

"మా ఆయన పోయాక ఆ దీపం లేకుంటే నాకు కునుకు పట్టదమ్మాయ్," అంది ఐరీన్, డార్లా వెళ్లి అడిగితే. "మొన్న ఎలుగుబంటి గుమ్మం దాకా వచ్చింది. నీకు చీకటి కావాలి, నాకు వెలుగు కావాలి. ఏం చెయ్యమంటావ్?"

"ఆర్పొద్దులెండి. మావైపు రాకుండా రేకు అడ్డం కడతాను."

"అయితే నిచ్చెన నువ్వే ఎక్కు. మీ ఆయనెక్కితే స్తంభం నేలకొస్తుంది."

రేకు కట్టింది, కానీ బెంగ తీరలేదు. ఇప్పుడు మొదలైన పూత వానలోపు ముదరదు. మర్నాడు పూసిందేదైనా ఉందా అని వరుసంతా వెతుకుతూ చివరి మొక్క దగ్గర ఆగిపోయింది. దీపానికి అన్నిటికంటే దగ్గరున్నది అదే. దాని కొమ్మలనిండా గుత్తులుగుత్తులుగా పూత! రాత్రికి రాత్రి వచ్చింది కాదు; పక్క మొక్కల గుబురు చాటున ఇన్నాళ్లూ కంటపడలేదంతే. చీకటి కోసం ఆగకుండా ఎప్పుడో పూసేసింది.

ఈ గుణం విత్తనానికి దిగితే ఇక ఏ దీపమూ పూతను ఆపలేదనుకుంది డార్లా. ఫ్రిజ్‌లో దాచిన పుప్పొడి తెచ్చి, కుంచెతో అద్ది, కొమ్మలకు కాగితం సంచులు కట్టింది. విత్తనం గట్టిపడేదాకా వాన ఆగాలి. రోజూ ఆకాశం చూడటమే పనైంది. పొద్దున పొగమంచు కమ్మితే చాలు, వెళ్లి సంచులు తడిమొచ్చేది.

అక్టోబరు మొదట్లోనే వాన విరుచుకుపడింది. మొగుడూ పెళ్లాలిద్దరూ తడుస్తూనే మొక్కల మీది నీళ్లు దులిపారు. లాభం లేకపోయింది. పడమటి పంట అప్పటికే ఇల్లు చేరింది గానీ, తూర్పు వరుస దాదాపు అంతా కుళ్లింది. వెండెల్ వాటిని పీకి కుప్పేశాడు. ఆ ఒక్క మొక్కనుంచి మాత్రం గుప్పెడు గింజలు దక్కాయి. చాలావరకు తాలువి.

వసంతంలో గట్టి గింజల్లో సగం మొలిచాయి. ఇప్పుడు డార్లా కాఫీ కూడా పెట్టుకోకుండా, లేస్తూనే కిటికీ దగ్గరి ట్రే మీదికి వంగి, ఒక్కో మొలకనూ చూసుకుంటోంది.