ఇరక్వా అల్లుడు

యుద్ధం ముగిసిన ఏడాది నేను గురజాల దగ్గరి ఒక పల్లెలో మిషన్ బడి పంతుల్ని, మా అత్త ఆదెమ్మ ఇంట్లో ఇల్లరికపుటల్లుణ్ణి. బడిలో బెత్తం నాది. ఇంట్లో ఏ బెత్తమూ లేకుండానే నేను హద్దులో ఉండేవాణ్ణి. నరసరావుపేట బోర్డింగు బడిలో ఇంటితో సహా ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అక్కడైతే తలుపు నేనే తీసి, నేనే వేసుకోవచ్చు.

ఆ ఉద్యోగం ఇచ్చేది మిషన్ దొరసాని. ఆమె తన అమెరికా దేశపు బొమ్మల పుస్తకం ఒకటి పంపి, అక్కడి ఆదివాసులైన ఇరక్వా జనం బతుకు మీద పిల్లల చేత చిన్న చిన్న పాటలు రాయించమంది. బాగుంటే నరసరావుపేట నాదే.

చెట్ల బెరడు కప్పిన పొడుగాటి ఇళ్లు, ఒకే చేలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి. అంతవరకూ బాగానే చెప్పాను. ఆ ఇళ్లు ఆడవాళ్లవనీ, పెళ్లికొడుకే వచ్చి అత్తగారింట ఉంటాడనీ ఉన్న పేజీ దాటేసి ఉంటే సరిపోయేది. పాండిత్యం ఊరుకోనిచ్చిందా? అదీ గట్టిగా చదివాను. పైగా, చూడని దేశం గురించి రాయాలంటే చూసినదాన్నే అందులో పెట్టాలని కవిత్వ రహస్యం కూడా బోధించాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

దొరసాని వచ్చిన రోజు కొందరు గుమ్మడి మీద, కొందరు వాన మీద చదివారు. తర్వాత దూదేకుల వారి సయీదా లేచింది.

పొడుగింటి అత్తమ్మ పొయ్యి రాజేసె
పొద్దెక్కి పోయెనని అల్లుణ్ణి లేపె
కావడెత్తి అల్లుడు ఏటికి నడిచె
కడవ నిండకముందె కేకేసి పిలిచె

బడంతా నా వైపే చూసింది. అల్లుడు నీళ్లు మోసే బొమ్మ పుస్తకంలో లేదే, ఎక్కడ చూశావని దొరసాని అడిగింది.

"బొమ్మలో లేదమ్మా. మా పంతులుగారు రోజూ తెస్తారు గదా," అంది సయీదా.

దొరసానికి పట్టరానంత సంతోషం. ఉద్యోగం నాకే అంది. అంతటితో ఆగక, అత్తగారి అనుమతి కూడా ఇరక్వా పద్ధతిలోనే తీసుకుందామని మా ఇంటికి బయల్దేరింది.

అత్త అంతా విని, పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. వద్దంటుందనుకున్నాను. పీడ పోయిందంటుందేమోనని కూడా భయపడ్డాను. ఆమె నా ఎదుట నిలబడింది.

"ఏమయ్యా, పోవాలనుందా నీకు? నీ నోటితోనే చెప్పు. పోతానంటే అమ్మాయినీ పంపుతా."

ఆ ఇంట్లో అడుగుపెట్టాక నన్ను ఒక మాట అడగడం అదే మొదలు. ఎన్నాళ్లుగానో సిద్ధంగా పెట్టుకున్న జవాబు నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు, అలవాటు కొద్దీ, ఏం చెప్పమంటావన్నట్టు నా భార్య కరుణమ్మ వైపు చూశాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడే ఉంటానండీ," అన్నాను దొరసానితో.