మూత ఇంట్లోనే ఉండిపోయింది

నేను ఒక సత్తు గిన్నెను. స్పెయిన్‌లో ఒక గనుల ఊళ్లో ఎన్‌కార్నా పెళ్లికి కానుకగా వచ్చి, ఆవిడతోపాటే ముసలిదాన్నయ్యాను. అంచు వంగిన మూత ఒకటి నాకు తోడు. మధ్యాహ్నం శనగల పులుసు కాచడం, సాయంత్రం ఆవిడ భర్త యుసేబియోకు ఆవిరి పట్టడం నా ఉద్యోగం. బొగ్గు గని ఇచ్చిన ఆయాసం ఆయనది. దుప్పటి కప్పుకుని నా మీదికి వంగితే ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. ఆయాసం ఆవిరికి లొంగకపోతే వీధి చివర ఆసుపత్రిలో సాయంత్రం డాక్టరు ఉండేవాడు.

ఇంతలో ఎక్కడో బ్యాంకులు మునిగాయి. ఆంబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరిగాయట. పొదుపు పేరు చెప్పి ప్రభుత్వం ఆ సాయంత్రపు డాక్టర్ని తీసేసింది. రోగాలు కూడా ఆఫీసు వేళల్లోనే రావాలి కాబోలు.

ఎన్‌కార్నా నన్ను చంకన పెట్టుకుని ఆసుపత్రి ముందుకు నడిచింది. ఊరి ఆడవాళ్లంతా గిన్నెలు వాయించారు. గరిటె దెబ్బలకు నాకు సొట్టలు పడ్డాయి, అయినా గర్వంగానే ఉంది. అనుమతి లేకుండా గుమిగూడటం నేరమని కొత్తగా ఏదో చట్టమట, పోలీసులు దిగారు. మా దగ్గరికి వచ్చినవాడు ఎదురింటి హూలియన్. చిన్నప్పుడు నా అడుగు గీక్కుని తిన్నవాడే.

"గిన్నె ఇలా ఇవ్వు పిన్నీ. సాక్ష్యం కింద రాసుకోవాలి."

"డాక్టరేడిరా అని అడిగితే గిన్నె లాక్కుంటారా? మీ బాబాయికి ఆయాసం ఎక్కువైతే ఎవరి దగ్గరికి పరిగెత్తమంటావు?"

"నా చేతుల్లో ఏముంది పిన్నీ" అన్నాడు, నన్ను రెండు చేతులా పట్టుకుని.

అప్పటినుంచి స్టేషన్ అలమరలో ఉన్నాను. ఆసుపత్రి పక్కనే కాబట్టి అన్నీ వినబడతాయి. మర్నాటి నుంచి రోజూ ఎన్‌కార్నా ఇంట్లో మిగిలిన మూత పట్టుకుని ఆసుపత్రి ముందుకు వచ్చి వాయిస్తోంది. ఆ వంకర మోతను ఎంత గోలలోనైనా గుర్తుపడతాను. అది మోగిందంటే ముసలాయన కులాసాగా ఉన్నట్టే, లేకపోతే ఆవిడ మంచం పక్కనుంచి కదలదు.

నిన్న మూత మోగలేదు. మిగతా గిన్నెలన్నీ మోగాయి. హూలియన్ ఏదో వెతుకుతున్నట్టు ఈ గదిలోకి వచ్చి, కిటికీ దగ్గర చెవి ఒగ్గి చాలాసేపు నిలబడ్డాడు. నాకు భయం వేసింది. వాడికీ వేసిందని మొహమే చెప్పింది.

ఇవాళ మోగింది. కానీ ఆ చేతివాటం ఎన్‌కార్నాది కాదు. ఒక దెబ్బ వేసి, ఊపిరి కూడగట్టుకుని, మరో దెబ్బ వేస్తున్నారెవరో. హూలియన్ కిటికీ తెరిచి చూశాడు.

"బాబాయ్!" అన్నాడు. "మెల్లిగా కొట్టు" అంటున్న ఎన్‌కార్నా గొంతు కూడా బయటినుంచి వినబడింది.

డాక్టరు ఇంకా రాలేదు. ముసలాయనే వచ్చాడు.