పేరెట్టి పిలిస్తే

కార్తీకమాసం కదా, కొండమీద మడుగులో దీపం వదలాలని నేనే పట్టుబట్టినాను. మేం కూలికొచ్చిన పరదేశపు ఊరు సుంగై సిపుట్‌లో దొరగారి రబ్బరు తోట నుంచి మా ఆయనా నేనూ ఎక్కినాము.

దారి సూసొత్తానని ఆయన రెల్లుగడ్డిలోకి ఎళ్ళినాడు. అంతలోనే మంచు కమ్మేసింది.

"మావా! ఏడున్నావు?"

పలుకు లేదు. గొంతు పోయేలా అరిచినాను.

మొగుడి పేరు పలికితే ఆయుస్సు తగ్గుద్దని అమ్మ సెప్పింది. పదేళ్ళ కాపరంలో ఒక్కసారీ అనలేదు. ఆ పూట పేరెట్టి కేకేసినాను.

"ఏటే, సంపేత్తావా నన్ను?" రెల్లులోంచి కసిరినాడు. "ఊబిలో నడుందాకా దిగిపోనాను. పలికితే నువ్వూ వచ్చి పడతావని ఊరుకున్నాను."

"తగ్గడానికి ఇంకేటి మిగిలింది నీ ఆయుస్సు! మాటలాపి ఈ కోక కొంగు పట్టుకో!"