లోపలి ముడి

ఆదోనిలో మేము పనిచేసిన జిన్నింగు మిల్లు ఆఫీసుకు పడమటి వైపు ఆరు కిటికీలు. ఆరింటికీ వెదురు పుల్లల తెరలు. మధ్యాహ్నం ఎండ గుమాస్తాల మీద పడకూడదు కదా! ఎండలో ఉండడానికి మేమున్నాం. పత్తి సీజను వచ్చిందంటే దూది నూగు ఆ పుల్లల సందుల్లో పేరుకుపోయి, పదిహేను రోజులకు తెర కంబళి అయి కూర్చుంటుంది. దాన్ని దించి, పుల్లల వెంబడి బెత్తంతో కొట్టి, కుంకుడు నీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, మళ్ళీ కట్టాలి. అడ్డంగా కొడితే నేత దారం తెగుతుంది, ఎండలో వేస్తే పుల్ల వంకర పోతుంది. ఇది నాదీ, మా ఆయన ఎల్లప్పదీ పని. మొగుడి పేరు చెప్పకూడదంటారు. చెప్తే ఏమైంది, బతికే ఉన్నాడు. నా పేరు హుసేని, పీర్లకు మొక్కితే పుట్టానని పెట్టారు.

తెర కిటికీ బయట వేలాడుతుంది. దాన్ని పైకి చుట్టే తాడు మాత్రం ఊచల సందున లోపలికి పోతుంది. లోపలి గోడకున్న కొయ్యకు దాన్ని ముడి వేయాలి. మేము లోపలికి పోకూడదు. లోపల హెడ్డుగుమాస్తా వెంకోబారావు మేజా ఉంది, ఆయన దేవుడి పటం ఉంది. అందుకని ఎల్లప్ప బయట నిచ్చెనెక్కి తాడు కొస లోపలికి తోస్తే, బంట్రోతు గోవిందు ముడి వేసేవాడు. ఎనిమిదేళ్ళుగా ఇంతే. అంటరానితనం పోయిందని ముందటేడు ఊళ్ళో దండోరా వేయించారు. ఆ దండోరా వేసినవాడూ మావాడే. వేసి, తిరిగొచ్చి మా పేటలోనే పడుకున్నాడు.

ఆ రోజు గోవిందు కౌతాళంలో పెళ్ళికి పోయాడు. తాడు కొస వెంకోబారావే అందుకోవాల్సి వచ్చింది.

"కట్టినారా సామీ?" అని నిచ్చెన మీది నుంచి ఎల్లప్ప అడిగాడు.

"ఆఁ, కట్టినాను, దిగరా" అన్నాడు ఆయన.

ఎల్లప్ప దిగి, ఆ తెర కిందే నిలబడి కిటికీ అంచు తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి పైకి చుట్టిన తెర విడిపోయింది. తెర అడుగున బరువుకు కట్టిన మద్ది కర్ర వచ్చి అతని కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కుంకుడు తొట్టి దగ్గరున్న నాకు వినిపించింది.

కేకలు విని మేనేజరు నరసప్ప వచ్చాడు. ఏమైందని అడిగితే వెంకోబారావు కిటికీలోంచే జవాబు చెప్పాడు. "నేను గట్టిగానే కట్టినాను. వీడే తెర సరిగ్గా తగిలించలేదు. తాగొచ్చినట్టున్నాడు."

తాగుడంట! ఎల్లప్ప కల్లు వాసన తగిలితేనే వాంతి చేసుకుంటాడు. మేనేజరు ఇంకేమీ అడగలేదు. "రేపటినించి వీడు వద్దు" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు. చెయ్యి పోయింది, పని పోయింది, పైగా తాగుబోతన్న పేరు. ఆ పేరుతో ఆదోనిలో ఇంకే మిల్లు గేటూ తెరుచుకోదు. ఎల్లప్ప నోరెత్తితే కదా! తల వంచుకుని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, వాకిట్లోంచి నేరుగా ఆఫీసులోకి పోయాను. లోపల ఎట్లుంటుందో చూడడం అదే మొదలు. చల్లగా ఉంది. మేము కడిగిన తెరల చలవే అది. ఆ చల్లదనం తగిలి ఒళ్ళు ఇంకా మండింది.

"హుసేనీ! బయటికి పో!" అని వెంకోబారావు కుర్చీలోంచి లేచాడు.

"పోతా సామీ. ఆ తాడు ఇంగొగసారి కట్టి సూపీ." నా వెనకే వచ్చిన మేనేజరు వైపు తిరిగాను. "సారూ, ఆయప్ప ఎట్ల కడతాడో మీ కండ్లతో సూడండి. సూసినాక పొమ్మంటే పోతాం."

మేనేజరు ఆయన వైపు తిరిగాడు. "కట్టండి రావుగారూ, ఒకసారి" అన్నాడు.

వెంకోబారావు చెయ్యి తాడు దాకా పోయి ఆగింది. మేము తాకిన తాడు, అందులోనూ తడి తాడు; పుల్లలు ఆరినా లావుపాటి తాడు అంత తొందరగా ఆరదు. తడిగా ఉంటే మైల ఇట్టే అంటుకుంటుందని వాళ్ళ పట్టింపు. అలవాటు ఎక్కడికి పోతుంది? పంచె చెంగు చేతికి చుట్టుకున్నాడు. ఆ గుడ్డతోనే రెండు వేళ్ళ కొసలతో తాడు పట్టి, కొయ్యకు ఒక చుట్టు తిప్పి, వదిలేశాడు. వేళ్ళకు గుడ్డ చుట్టుకుని తడి తాడుకు ముడి వేయడం ఎవరి వల్లా కాదు. కావాలంటే మీరు వేసి చూడండి. మేము చూస్తుండగానే ఆ చుట్టు జారి తాడు కిందపడింది.

 మేనేజరు ఆ తాడు వైపు చూసి అన్నాడు. "సరే, ఎల్లప్ప పని ఎల్లప్పదే. నయమయ్యేదాకా నువ్వు చెయ్యి. ఎమ్మిగనూరులో ఎముకలకు కట్టు కట్టేటాయన ఉండాడు, తీసుకపో." అని, వెంకోబారావు మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఇంగ బయటికి పోమ్మా. ఈ జాగా కడిగించాల."

అబద్ధమాడినవాడు కుర్చీలో ఉంటాడు. నేను నిలబడిన చోటు కడగాలి!

ఇంతలో ఊచల అవతలి నుంచి ఎల్లప్ప గొంతు వినిపించింది. "తప్పయింది సామీ. ఆడది, తెలీక లోపలికొచ్చె. మన్నించండి." దండం పెట్టబోయాడు. ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి లేవలేదు. ఆ ఒంటిచేతి దండం చూసి రేగిన మంట ముందు, వెంకోబారావు మీద అంతసేపూ మండిన కోపం కూడా చిన్నదైపోయింది.

"తెలీక రాలేదు," అన్నాను, మొగుడికీ వాళ్ళకీ కలిపి. "తెలిసే వచ్చినా. ఆరు తాళ్ళూ కట్టి పోతా."

ఒక్కొక్క తాడే లాగి, రెండేసి ముడులు వేసి, ఊగి చూశాను. ఆరోది వెంకోబారావు మేజా పక్కనే ఉంది. ఆయన కుర్చీ వదిలి గోడకు అతుక్కుపోయాడు. ఆ ముడి మాత్రం నిదానంగా వేశాను.