పిన్ని వేసిన పక్కలు

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లకు పక్క వేయడం ఎవరు నేర్పాలి? కాలేజీ నేర్పాలి. ఇస్త్రీ అనే ఈ పిల్లకి మాత్రం వాళ్ల పిన్ని నేర్పింది, కాలేజీ గడప తొక్కకముందే, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచం మీద. "దుప్పటి మూల మడిచి, పరుపెత్తి కిందికి తోసెయ్. ఎవడు లాగినా ఊడి రాకూడదు" అనేది. ఇస్త్రీ అసలు పేరు కాదు లెండి. ఒంటి మీద బట్టకు ముడత పడనివ్వదని తోటిపిల్లలు పెట్టిన పేరు. మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో లెక్చరర్ మెచ్చుకుని, "ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగితే, "వీడియోలు చూసి మేడం" అంది ఆ మహాతల్లి. మా పిన్ని హోటల్లో గదులు సర్దుతుంది అని చెప్పడానికి నోరు రాలేదు.

దేవుడు ఊరుకుంటాడా? చివరి ఏడాది ట్రైనింగ్‌కి కాలేజీ వాళ్లు ఆ హోటల్‌కే పంపారు. అందులోనూ పిన్ని పనిచేసే రెండో అంతస్తుకే. పని ఏమిటయ్యా అంటే, సర్దిన గదులు తనిఖీ చేసి పదికి ఇన్నని మార్కులు వేయడం.

"అక్కడ నన్ను పిన్నీ అని పిలవకు," అంది పిన్ని మొదటిరోజు బస్సులో. "చుట్టాలమని తెలిస్తే నీ చదువుకే మాటొస్తుంది. తప్పు చేస్తే తప్పనే రాయి. సరేనా డిగ్రీగారూ?"

సరేనంది. తల్లి పోయిన దగ్గర్నుంచి పెంచి పెద్ద చేసింది ఈ పిన్నే. ఆమె మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పింది లేదు.

మొదటి గదిలోకి అడుగుపెట్టింది. దుప్పటి పైకి అద్దంలా ఉంది. మూల పట్టుకుని కాస్త లాగేసరికి పరుపు కిందినుంచి మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. రెండో గదిలోనూ అంతే. మూడో గదిలోనూ అంతే. ఎడమవైపు మూలలు గట్టిగానే ఉన్నాయి, కుడివైపువన్నీ వదులు. అప్పుడు వెలిగింది. పిన్ని తన జడ తాను వేసుకోవడం మానేసి, "నువ్వెయ్యవే, నువ్వైతే చక్కగా వేస్తావ్" అంటూ ఎన్ని నెలలుగా నెట్టుకొస్తోందో! కుడి భుజం పోయింది. ఆ చేత్తో పరుపు ఎత్తడం ఆమె వల్ల కావడం లేదు.

ఉన్నదున్నట్టు రాస్తే పదికి నాలుగు. రోజూ నాలుగు పడుతుంటే ఉద్యోగం నిలుస్తుందా? పదహారేళ్లుగా ఆ గదులే లోకంగా బతికిన మనిషిని, పో అంటే ఎక్కడికి పోతుంది? ఇస్త్రీ తలుపు దగ్గరగా వేసింది. పరుపెత్తి, మూలలు మళ్లీ మడిచి లోపలికి తోసింది. కాగితం మీద తొమ్మిది వేసింది.

అలా ఒక రోజా, రెండు రోజులా? ఐదు వారాలు. పిన్ని ఒక గది ముగించి పక్క గదిలోకి వెళ్లడం, ఇస్త్రీ వెనకాలే దూరి సరిచేయడం. ఈ సంగతి పిన్నికి తెలియదు. చెబితే అభిమానంతో చచ్చిపోతుందని ఈ పిల్ల భయం. అబ్బో, చదువుకున్న తెలివి!

హౌస్‌కీపింగ్ అంతటికీ పెద్ద ఒకావిడ ఉండేది. కళ్లు పడ్డచోట దుమ్ము దాక్కోలేదని పనివాళ్లు ఆమెను గద్ద అనేవారు. మూడో వారంలో ఒకరోజు గద్ద ఇస్త్రీని పిలిచింది.

"మీ అంతస్తులో ఎవరికైనా పక్కల పని కష్టమవుతోందా? నడుం నొప్పి, చేతుల నొప్పి, ఏదైనా?"

ఏరి పారేయడానికే అడుగుతోంది అనుకుంది ఇస్త్రీ. "ఎవరూ లేరు మేడం."

"రాసి సంతకం పెట్టు."

పెట్టింది.

ఇంటి దగ్గర పిన్నిది వేరే లోకం. "అంతస్తు మొత్తంలో నా పక్కలకే తొమ్మిదంట! నిజం చెప్పనా? భుజం లాగేస్తుంటే వదులుగా పడుతున్నాయేమోనని హడలి చచ్చాను. ముండా చెయ్యి, ఏడుస్తూనైనా పని మర్చిపోలేదే! నువ్వేమైనా ఊరికే వేసే రకమా, పీనాసిదానివి!" అని నవ్వింది. ఇస్త్రీ కూడా నవ్వాల్సి వచ్చింది.

ట్రైనింగ్ శనివారంతో ఆఖరు. ఆ గురువారం పిన్ని ఆనందం పట్టలేక పరిగెత్తుకొచ్చింది. ఆ మార్కులు చూసి, సోమవారం నుంచి ఆమెను నాలుగో అంతస్తుకి వేశారట. పెద్ద గదులు, పేరున్న అతిథులు. ఇద్దరు ఎత్తాల్సిన పరుపులు, ఒక్కరే ఎత్తాలి. వెనకాల దూరి సరిచేయడానికి ఎవరూ ఉండరు.

మర్నాడు పొద్దున్నే గద్ద ముందు నిలబడి అంతా కక్కేసింది: చుట్టరికం, మార్కులు, సంతకం. గద్ద చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు నిన్నెందుకు అడిగాననుకున్నావు? లినెన్ గదిలో కూర్చుని దుప్పట్లు చూసి సర్దే పని ఒకటి ఖాళీ అయింది. చేతులు అరిగిపోయినవాళ్లకి ఇద్దామని. నువ్వు ఎవరూ లేరన్నావు. మూడో అంతస్తులో పనిచేసే ఆమెకి ఆ పని ఇచ్చేశాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? "ఇప్పుడు మా పిన్ని..." అంది ఇస్త్రీ.

"పరుపెత్తలేని మనిషిని పక్కల పనిలో ఉంచలేను. నెలాఖరు దాకా చూస్తాను. ఈలోపు ఏదీ ఖాళీ కాకపోతే నేనేమీ చేయలేను. నీ ట్రైనింగ్ మళ్లీ మొదటినుంచి చెయ్యాలి, అది కాలేజీకి రాస్తాను. ఆమెకి మాత్రం నువ్వే చెప్పు. ఇవాళే."

సాయంత్రం చెప్పింది. పిన్ని తిట్టలేదు, ఏడవలేదు. లేచి మంచం మీది దుప్పటి లాగేసి, దులిపి, పక్క వేయడం మొదలుపెట్టింది. కుడివైపుకొచ్చేసరికి పళ్లు బిగించింది. పరుపు బెత్తెడు కూడా లేవలేదు. మూలను వేళ్లతోనే లోపలికి కుక్కి పక్కకు జరిగింది.

"లాగు."

ఇస్త్రీ లాగింది. ఊడి వచ్చింది.

"ఎన్ని?"

"పిన్నీ, వద్దు..."

"ఎన్నే?"

"నాలుగు."

పిన్ని మంచం అంచున కూర్చుని భుజం పట్టుకుంది. "లినెన్ గదిలో ఖాళీ వచ్చిందని నాకూ అప్పుడే తెలుసు," అంది మెల్లగా. "అడుగుదామని గద్ద గది గుమ్మం దాకా వెళ్లాను కూడా. తొమ్మిదొచ్చేదాన్ని, నాకెందుకు, నిజంగా చెయ్యి పడిపోయినవాళ్లెవరో ఉంటారు, వాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోకూడదని వెనక్కొచ్చేశాను."

ఇస్త్రీకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, ఐదు వారాల అలవాటు కొద్దీ, ఊడిన మూల దగ్గరికి వంగి పరుపు కింద చెయ్యి పెట్టింది.

"ముట్టుకోకు," అంది పిన్ని.