కవితాళ దారిలో భద్రతాధికారి

రాఘవులు థర్మల్ విద్యుత్ కేంద్రంలో భద్రతాధికారి. తెనాలి వైపు నుంచి వచ్చి, రాయచూరుకు అవతల కృష్ణ ఒడ్డున ఉన్న కాలనీలో పన్నెండేళ్లుగా కాపురం ఉంటున్నాడు. ఈ పన్నెండేళ్లలో ఆయన తన చేతులతో ఎవరినైనా ఏ ప్రమాదం నుంచైనా కాపాడిన దాఖలా లేదు. గోడల మీద రాయించిన హెచ్చరికలు మాత్రం లెక్కలేనన్ని. బాయిలర్ దగ్గర, బొగ్గు బెల్టుల దగ్గర, చివరికి క్యాంటీన్ చేతులు కడుక్కునే తొట్టి మీద కూడా ఆయన హోదాతో ఒక బోర్డు వేలాడుతూ ఉండేది. ‘వంద భద్రతా సూత్రాలు’ అని ఒక చిన్న పుస్తకం కూడా వేయించాడు. మండే వాయువులు ఉన్నచోట పొగ తాగరాదన్నది అందులో నలభై రెండోది. అది రాసేటప్పుడు ఆయన ఎడమ చేతిలో సిగరెట్టు ఉండడం భార్య హిమబిందు చూసింది. చూసి ఊరుకుంది. ఆ ఇంట్లో భద్రత గురించి మాట్లాడే అధికారం ఒక్కరికే ఉండేది.

1994 మార్చిలో భద్రతా వారోత్సవాలకు కవితాళ హైస్కూలు వాళ్లు ఆయన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. పిల్లలకు కన్నడంలో చెప్పాలి. పన్నెండేళ్లున్నా ఆయనకు కన్నడం రాలేదు. అవసరం పడిందని ఆయన అనుకోలేదు. బజారు పనులన్నీ హిమబిందువే కాబట్టి ఆమెకు మాత్రం కూరగాయలమ్మే వాళ్ల దగ్గరా ఇరుగుపొరుగుల దగ్గరా చక్కటి కన్నడం పట్టుబడింది. ఆమెను అడిగితే సరిపోయేది. ఆయన ఆఫీసు గుమాస్తా చేత ఉపన్యాసం కన్నడంలో రాయించి, దాన్ని తెలుగు అక్షరాల్లోకి ఎత్తించుకుని, ఉచ్చారణ కోసం అదే గుమాస్తా గొంతుతో క్యాసెట్టు కూడా చేయించుకున్నాడు.

పొద్దున్నే సొంత కారులో బయలుదేరారు. పాత కారు. రాయచూరు దాటాక పత్తి లారీ ఒకటి ముందు వెళుతూ దుమ్ము లేపితే ఆయన హెడ్‌లైట్లు వేశాడు. లారీ పక్క దారి పట్టింది, దుమ్ము తగ్గింది, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. సిరవార దాటాక, ఇంకా చాలా సమయం ఉందని, వేపచెట్టు నీడ కనబడిన మలుపులో కారాపాడు. సగం కారు తారు మీద, సగం మట్టి మీద. ఇంజను ఆపి, క్యాసెట్టు పెట్టి, గుమాస్తా ఒక్కో వాక్యం అంటుంటే ఆయన వెనకాల అంటూ గంటసేపు అభ్యాసం చేశాడు. ఆ ఎండలో లైట్లు వెలుగుతున్న సంగతి ఎవరికీ కనబడలేదు. చివర్లో గుమాస్తా గొంతు మెల్లగా సాగి, మందు తాగినవాడి గొంతులా మారి, ‘సురక్షతే’ అనే మాట మధ్యలో ఆగిపోయింది.

తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. పదిసార్లు తిప్పాడు. పదిసార్లూ టిక్కే.

తోస్తే స్టార్టవుతుందేమోనని హిమబిందు అంది. నిజమే, కాని ఆమెకు డ్రైవింగు రాదు. అందువల్ల ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు, పట్టుచీర కట్టుకున్న ఆమె వెనక నుంచి తోసింది. దారి ఎగువకు ఉంది. కారు కదలలేదు. ఇంకాస్త గట్టిగా తొయ్యమని ఆయన అద్దంలోంచి చూస్తూ చెప్పాడు. ఇంతలో మలుపు తిరిగి వచ్చిన లారీ ఒకటి ఒక్కసారిగా బ్రేకు వేసి, పక్కకు తిప్పుకుని, ఆమె కొంగు ఎగిరేంత దగ్గరగా పోయింది. డ్రైవరు కన్నడంలో ఏదో అన్నాడు. ఏమన్నాడని రాఘవులు అడిగాడు. ఆమె అనువదించలేదు. పొలం గట్టుకు వెళ్లి, కంచె కోసం కొట్టి పడేసిన తుమ్మకొమ్మలు రెండు ఈడ్చుకొచ్చి, కారుకు యాభై అడుగులు వెనగ్గా మలుపుకు అవతల రోడ్డంచున పడేసింది. చేతులకు ముళ్లు గీరుకుని రక్తం వచ్చింది.

ఆ కొమ్మలు చూసే అయ్యమ్మ టెంపో నెమ్మదిగా వచ్చి ఆగింది.

ఆ చుట్టుపక్కల ఆమెను బ్యాటరీ అయ్యమ్మ అంటారు. రాయచూరు పాతబస్తీలో పుట్టి, కవితాళలో మెట్టింది గనక తెలుగూ కన్నడమూ రెండూ వచ్చు. విద్యుత్ కేంద్రం ఉన్న ఆ జిల్లా పల్లెల్లోనే కరెంటు ఎప్పుడుంటుందో కరెంటుకే తెలియదు గనక జనం టీవీలను బ్యాటరీల మీద నడిపేవాళ్లు. ఖాళీ అయిన బ్యాటరీలను వారానికి రెండుసార్లు ఊరూరా పోగేసి, కొట్టులో చార్జి చేసి తిరిగి ఇవ్వడం ఆమె వృత్తి. అంతకుముందు ఆ పని ఆమె భర్తది. ఒకరోజు కొట్టులో బ్యాటరీ పేలి అతని కుడి కన్ను పోయింది. అప్పుడు పక్కన నీళ్లు లేవు. బావి దాకా పరిగెత్తి తెచ్చేసరికి ఆలస్యమైంది. ఆనాటి నుంచి ఆమె నీళ్ల క్యాన్లు లేకుండా ఎక్కడికీ కదలదు.

టెంపో నడిపే తాయప్ప దిగి, ముందు కారును రోడ్డు మీద నుంచి పక్కకు జరుపుదామన్నాడు. ముగ్గురం తోస్తే స్టార్టు కూడా అవుతుందని అయ్యమ్మ అంది. రాఘవులు ఒప్పుకోలేదు. సమస్య మూలం ఏదో తేల్చకుండా తోయడం అశాస్త్రీయమన్నాడు. తాను ఎక్కడ పనిచేస్తాడో, ఎన్ని లక్షల యూనిట్లు తయారయ్యే చోట భద్రత చూస్తాడో వివరించాడు. ఆ వివరణ మధ్యలో సిగరెట్టు వెలిగించుకున్నాడు. బానెట్టు ఎత్తి, బ్యాటరీలో నీళ్లు తగ్గి ఉంటాయని తేల్చి, మూతలు విప్పడం మొదలుపెట్టాడు.

“సారూ, ఆ నిప్పు దూరం పారేయి. ఆ బ్యాటరీ తిన్నగ లేదు, ఉబ్బి బుడ్డలేసుకున్నది సూడు,” అంది అయ్యమ్మ.

“ఏమ్మా, నేను చేసే పనేంటో తెలుసా నీకు?”

“నువ్వు జేసేది గాదు సారూ, అది జేసేది నాకు తెలుసు.”

ఆయన నవ్వి, లోపల నీళ్లు ఎంత ఉన్నాయో కనబడడం లేదని, సిగరెట్టు నోట్లోనే ఉంచుకుని రెండో మూత విప్పి వంగాడు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. కాగితపు సంచీ ఊది పగలగొట్టినట్టు టప్పుమంది. మూతలు రెండు బానెట్టుకు తగిలి ఎగిరాయి. పచ్చగా మాసిన నీళ్లు ఆయన ముఖం మీద, తెల్ల సఫారీ మీద చిమ్మాయి. ఆయన కెవ్వున అరిచి చేత్తో రుద్దుకోబోయాడు. అయ్యమ్మ ఆ చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

“రుద్దకు. కూసో. అమ్మా, కళ్లద్దాలు తియ్యి. తాయప్పా, నీళ్లు.”

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ ఏమీ వివరించలేదు. తాయప్ప క్యాను వంచాడు, అయ్యమ్మ ఆయన తల పక్కకు వంచి ముఖం మీద, మెడ మీద సన్నటి ధార పడేట్టు పట్టింది. రెప్పలు తెరిచి నీళ్లు పోనిమ్మంది. ఆయన తెరవలేకపోతే హిమబిందు వేళ్లతో తెరిచింది. ఒక క్యాను అయిపోయింది, రెండోది మొదలైంది. ఇక చాలని ఆయన మూలిగాడు. చాలదని అయ్యమ్మ చెప్పింది. హిమబిందుకు కారులో ప్రథమ చికిత్స పెట్టె ఉన్న సంగతి గుర్తొచ్చింది. దానికి చిన్న తాళం. దుర్వినియోగం కాకుండా ఆ తాళం చెవిని ఆఫీసు బీరువాలో భద్రపరిచానని రాఘవులు కళ్లు మూసుకునే చెప్పాడు.

చొక్కా విప్పమంటే మొదట సిగ్గుపడ్డాడు. ఆసిడ్ బట్టలోనే కూర్చుని చర్మాన్ని తింటుందని అయ్యమ్మ అనేసరికి విప్పాడు. తాయప్ప టెంపోలో ఉన్న తన ఇంకో చొక్కా ఇచ్చాడు. దాని మీద ఎరువుల కంపెనీ బొమ్మ ఉంది. ప్యాంటు మీద రెండు మూడు చుక్కలే పడ్డాయని, దాన్ని మాత్రం వదలనని ఆయన భీష్మించాడు. దాని మీద కూడా నీళ్లు కుమ్మరించి ఊరుకున్నారు.

కళ్లద్దాల మీద ఆసిడ్ చారలు కట్టి ఉంది. అవి లేకపోతే ఏమయ్యేదో అక్కడున్న నలుగురికీ తెలుసు. అయ్యమ్మ వాటిని కడిగి, తన చెంగుతో తుడవకుండా, ఆయన చేతికి తడిగానే ఇచ్చింది. అప్పుడు హిమబిందు ఆ చెంగును గమనించింది. చీర నిండా చిల్లులు, మిరపగింజలంతవి.

తర్వాత అయ్యమ్మ బ్యాటరీ మార్చింది. చేతి గాజులు తీసి తాయప్పకిచ్చి, ముందు నల్ల వైరు విప్పింది, ఆ తర్వాత ఎర్రది. తన టెంపోలోంచి మంచి బ్యాటరీ దించి, ఎర్ర వైరు ముందు బిగించి, నల్లది చివర కలిపింది. ఎందుకలా అని హిమబిందు అడిగింది. పానా జారి ఇనుముకు తాకినా నల్ల వైరు లేకపోతే నిప్పు రాదని అయ్యమ్మ చెప్పింది. కారు ఒక్క తిప్పుకే లేచింది.

కవితాళ ఆసుపత్రిలో డాక్టరు కళ్లు చూసి, మందు చుక్కలు రాసి, ముఖం మీద ఎర్రటి మచ్చలు పదిరోజుల్లో పోతాయన్నాడు. నీళ్లు పోసింది ఎవరని అడిగాడు. చెబితే, అయితే సరే అన్నాడు.

బడికి గంటన్నర ఆలస్యంగా చేరారు. మూడొందల మంది పిల్లలు ఎండలో వరసగా కూర్చుని ఉన్నారు. హెడ్మాస్టరు మహాంతేశ్ పూలదండ పట్టుకుని ఎదురొచ్చి, ఎరువుల బొమ్మ చొక్కా చూసి, దండ ఎవరికి వెయ్యాలో ఒక క్షణం తేల్చుకోలేకపోయాడు. రాఘవులు వేదికెక్కి ప్యాంటు జేబులోంచి కాగితం తీశాడు. నీళ్లకు అక్షరాలు కలిసిపోయాయి. గుర్తున్నంత వరకు చెప్పాడు. ‘సురక్షతే’ దాకా బాగానే సాగింది. ఆ తర్వాత క్యాసెట్టు ఎక్కడ ఆగిపోయిందో ఆయనా అక్కడే ఆగిపోయాడు.

ఏదో ఒకటి చూపిద్దామని బోర్డు వైపు వంగాడు. ఆసిడ్ చుక్కలు పడిన చోట ప్యాంటు చప్పుడు చేయకుండా చిరిగింది. ముందు వరసలో అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు చివరి వరస దాకా పాకింది. దారిలో పిల్లల కోసం ఒక ప్రయోగం చేసి వచ్చానని రాఘవులు తెలుగులోనే చెప్పి, కుర్చీలో కూర్చుని, మళ్లీ లేవలేదు.

మహాంతేశ్ మర్యాద కోసం మేడంను రెండు మాటలు చెప్పమన్నాడు. ఎవరైనా అలా అంటే ఆమె నమస్కారం పెట్టి కూర్చోవడం అలవాటు. ఆరోజు మాత్రం లేచి మైకు దగ్గరకు వెళ్లింది. జరిగింది జరిగినట్టు కన్నడంలో చెప్పింది. మలుపులో కారాపడం, లైట్లు, లారీ, తుమ్మకొమ్మలు, నోట్లో సిగరెట్టు, నీళ్లు, రుద్దకూడదన్న మాట, ముందు నల్ల వైరు. ఒక్క పేరు వదిలేసింది. ఆ కారాయన ఎవరో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. పిల్లలు ఆమె మాట వింటూ ఆయన వైపే చూశారు. ఈసారి మాత్రం ఎవరూ నవ్వలేదు.

తిరుగు దారిలో రాయచూరు దాకా వచ్చారు.

“అంతమందిలో అలా చెప్పాలా?” అన్నాడు ఆయన.

“మీ కళ్లు పోయుంటే ఇంకెక్కడైనా చెప్పుకోవాల్సొచ్చేదండీ,” అంది ఆమె. ఆయన కారు నెమ్మదిగా నడపసాగాడు.

మర్నాడు ఆఫీసులో నివేదిక రాశాడు. ‘మార్గమధ్యమున వాహన బ్యాటరీ వలన కలుగు ప్రమాదముపై ప్రత్యక్ష ప్రదర్శన నిర్వహించబడినది’ అని. పైవాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం పంపారు. దాన్ని ఆయన గోడకు తగిలించలేదు. అరువు బ్యాటరీ తిరిగిచ్చే పనికి హిమబిందు బస్సెక్కి తానే వెళ్లింది, ఆ సాయంత్రం దాకా రాలేదు. ఆ తర్వాత నెలకోసారి వెళుతూ ఉండేది. ఏం పనని ఆయన అడగలేదు.

మరుసటి ఏడు వారోత్సవాలకు మహాంతేశ్ నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. కిందటేడు మాట్లాడిన మేడం గారినీ, బ్యాటరీ అయ్యమ్మనూ పంపవలసిందిగా ప్రార్థన అని. పంపే అధికారి భద్రతాధికారే గనక కింద రాఘవులు సంతకం కావాలి. మూడు రోజులు ఉత్తరాన్ని సొరుగులో ఉంచాడు. నాలుగో రోజు సంతకం పెట్టి, కారు తానే నడుపుతానన్నాడు.

అయ్యమ్మ బల్ల మీద పాత బ్యాటరీ పెట్టి, పక్కన నీళ్ల బిందె పెట్టి, తన రాయచూరు కన్నడంలో మొదలుపెట్టింది. పిల్లల చేత అడిగించాల్సినవి హిమబిందు అడిగించింది. రాఘవులు పిల్లల వెనక, గోడ వారగా నిలబడ్డాడు. చార్జి అయ్యేటప్పుడు లోపలి నుంచి గాలి పుడుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని, కనబడకుండానే అంటుకుంటుందని అయ్యమ్మ చెప్పింది. ఆ గాలి పేరేంటని ఒక అమ్మాయి లేచి అడిగింది. అయ్యమ్మ హిమబిందు వైపు చూసింది. హిమబిందు వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది.

“హైడ్రోజన్,” అన్నాడు రాఘవులు. తర్వాత, ఎవరూ అడగకపోయినా, తన ముఖం మీద పేలింది అదేనని వచ్చీరాని కన్నడంలో చెప్పాడు. మూడొందల తలలు ఆయన వైపు తిరిగాయి.

“పేరున్నది మంచిదే సారూ,” అంది అయ్యమ్మ తెలుగులో. “పేరు యాదిల లేకున్నా సరే, నిప్పు సూపెట్టకుంటే సాలు.”

హిమబిందు ఆ మాట కన్నడంలో చెప్పింది. ఆ అమ్మాయి గాలి పేరూ, అయ్యమ్మ మాటా రెండూ రాసుకుంది.